పంజరంలో బొమ్మలు, పెర్చ్‌లు శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర లవ్‌బర్డ్స్ అంటే చాలామందికి బడ్జీలనే చిన్న చిలుకలే. అసలు లవ్‌బర్డ్‌ది ఆఫ్రికా, బడ్జీది ఆస్ట్రేలియా. పేరు ఏదైనా, రెండూ పెర్చ్‌ల మీద, అంటే పంజరంలో వాలే కర్రల మీద రెట్ట వేసి, బొమ్మలు కొరికి, అదే నోటితో గింజలు తింటాయి. బడ్జీలు, కాక్‌టెయిల్స్, లవ్‌బర్డ్స్, ఫించ్‌లు పెంచేవాళ్ళు నన్ను పదే పదే అడిగే సందేహాలివి. ప్రతిసారీ అదే టైప్ చేయలేక ఒకచోట పెట్టాను. అందరూ "దేనితో కడగాలి?" అంటారు, "ఎంతసేపు ఆరబెట్టాలి?" అనేవాళ్ళు తక్కువ. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ అడగని ప్రశ్న దగ్గరే వచ్చాయి.

## కొత్తవి తెచ్చినప్పుడు

ప్యాక్ చేసి ఉన్న కొత్త బొమ్మే కదా, కడగకుండా పెట్టేయొచ్చా?

కడిగే పెట్టండి. హైదరాబాద్ ముర్గీచౌక్ లాంటి చోట్ల బొమ్మలు, పక్షులు ఒకే కొట్టులో ఉంటాయి. కవరు పైనా లోపలా ఏ పక్షి ఈకల పొడి చేరిందో చెప్పలేం. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్ళలో కడిగి, బాగా జాడించి, ఆరబెట్టండి. రెండుమూడుసార్లు కడిగినా నీళ్ళు రంగు తిరుగుతూనే ఉంటే ఆ బొమ్మ వద్దు. గజ్జెల్లా సన్న చీలిక ఉన్న గంటల్లో కాలివేలు ఇరుక్కుంటుంది. అలాంటి గంటను ఎంత కడిగినా లాభం లేదు, తీసేయాల్సిందే.

జీఐ తీగ పంజరం, గొలుసులు తళతళ మెరుస్తున్నాయి. వీటితో ప్రమాదం ఉందా?

జీఐ అంటే జింక్ పూత వేసిన ఇనుము, ఆ మెరుపు ఆ పూతదే. కొత్త తీగ మీద జింక్ పొడి, చిన్న చిన్న పొక్కుల్లా గడ్డకట్టిన పూత ఉంటాయి. చిలుక జాతి పక్షులకు తీగను కొరికే అలవాటు ఉంది కాబట్టి అది కడుపులోకి పోయి విషమవుతుంది. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గట్టి బ్రష్‌తో ప్రతి తీగనూ రుద్దండి. తర్వాత మంచినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. దీనితో ప్రమాదం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. బొమ్మలు వేలాడదీసే కొక్కేలు, గొలుసులైనా స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. వాటికయ్యే అదనపు ఖర్చు డాక్టరు ఫీజుకంటే తక్కువే.

చెట్టు కొమ్మ విరిచి పెర్చ్‌గా పెట్టొచ్చా? ఏ చెట్టుది మంచిది?

పెట్టొచ్చు, షాపులో దొరికే నున్నటి గుండ్రని కర్రకంటే అదే నయం. కర్ర అంతా ఒకే లావుగా ఉంటే పాదంలో ఎప్పుడూ అదే చోట ఒత్తిడి పడి, అరికాలు ఎర్రబడి పుండు పడుతుంది. కొమ్మ ఒకచోట సన్నగా, ఇంకోచోట లావుగా ఉంటుంది కాబట్టి పాదం పట్టు మారుతూ ఉంటుంది. బడ్జీకి మన చిటికెన వేలి నుంచి చూపుడు వేలి లావు వరకు చాలు. కాక్‌టెయిల్‌కు ఇంకొంచెం లావు కావాలి.

మన పెరళ్ళలో దొరికేవాటిలో జామ, వేప నా మొదటి ఎంపిక. జామ గట్టిది, త్వరగా అరగదు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం మాత్రం పంజరం దరిదాపుల్లోకి రానివ్వకండి. పేరు తెలియని చెట్టు కొమ్మ కూడా వద్దు. పురుగుమందు కొట్టిన తోటదీ, వాహనాల పొగ పట్టే రోడ్డు పక్కదీ వదిలేయండి.

తెచ్చాక ఆకులు, ఊడిపోయే బెరడు తీసేసి సబ్బునీళ్ళతో తోమండి. బకెట్‌లో నిలబెట్టి మరిగే నీళ్ళు పోసి చల్లారనివ్వండి. సందుల్లో చీమలు, గుడ్లు ఉంటే అందులో పోతాయి. తర్వాత డాబా మీద రెండుమూడు రోజులు మంచి ఎండ తగలాలి. కాకులు, పావురాలు వాలని చోట పెట్టండి, లేకపోతే ఆ తోమిందంతా వృథా.

ఇసుక కాగితం చుట్టిన పెర్చ్ గోళ్ళు అరగడానికి మంచిదట కదా?

గోళ్ళు అరగవు, అరికాలు చీరుకుపోతుంది. పైగా తడిస్తే ఆ కాగితం ఊడి వస్తుంది కాబట్టి కడగడం కూడా కుదరదు. తీసేయండి.

## రోజూ, వారం వారం

ఎన్ని రోజులకోసారి కడగాలి?

పక్షులు ఎన్ని, పంజరం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక జత బడ్జీలకైతే రోజూ పొద్దున తడిగుడ్డతో పెర్చ్‌లు తుడవడం, వారానికోసారి పెర్చ్‌లూ ప్లాస్టిక్ బొమ్మలూ బయటికి తీసి సబ్బునీళ్ళతో కడగడం, నెలకోసారి అన్నీ విప్పి మూలమూలలా తోమడం సరిపోతుంది. నాలుగైదు పక్షులుంటే వారం కాస్తా మూడు రోజులవుతుంది. రెట్ట పడిన బొమ్మను మాత్రం రోజు లెక్క చూడకుండా అప్పుడే తీసేయండి. ఆ ముక్కునే దానికి ఆనించి ఆడతాయి.

పని తేలికవ్వాలంటే పెర్చ్‌లు రెండు సెట్లు ఉంచుకోండి. ఒకటి పంజరంలో, ఒకటి తీగ మీద ఆరుతూ ఉంటుంది. తడికర్ర హడావిడిగా తిరిగి పెట్టే అవసరం రాదు.

ఎండిన రెట్ట సిమెంటులా పట్టేసింది. చాకుతో గీకేస్తే సరిపోదా?

పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు. రెట్టలోని తెల్లభాగం యూరిక్ యాసిడ్, అది నీళ్ళలో సులువుగా కరగదు. అందుకే అంత మొండిగా పట్టుకుంటుంది. గీకితే సన్నటి పొడిగా లేచి మీ ముక్కులోకే వెళ్తుంది. సిట్టకోసిస్ అనే జ్వరం పక్షుల నుంచి మనుషులకు ఎక్కువగా ఇలాంటి ఎండిన రెట్ట, ఈకల పొడి పీల్చడం వల్లే వస్తుంది. 1929-30లో అమ్మకానికి తెచ్చిన చిలుకల ద్వారా అది అమెరికాలో, యూరప్‌లో పెద్ద భయాన్నే పుట్టించింది.

మాస్కు పెట్టుకోండి. వేడినీళ్ళలో ముంచిన గుడ్డను కర్రకు చుట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. చీలికల్లో మిగిలినదానికి గరుకు కాగితం వాడొచ్చు, కానీ కర్ర తడిగా ఉండగానే రుద్దాలి.

మా మగ బడ్జీ అద్దం మీద ఏదో కక్కి అంటిస్తోంది. జబ్బా?

చాలాసార్లు జబ్బు కాదు, ప్రేమ. అద్దంలో కనిపించేదాన్ని జతపక్షి అనుకుని, దాని నోటికి మేత అందిస్తోంది. ఆ గింజల ముద్ద ఎండితే జిగురులా పట్టి, తేమకు పులిసి, బూజు పడుతుంది. అద్దం బొమ్మను రోజూ వేడినీళ్ళతో కడగండి, అంచు ఫ్రేము సందుల్లో టూత్‌పిక్ తిప్పండి. అద్దం వెనక పూత రేగుతుంటే పారేయండి. వారం గడిచినా ఇదే పని అయితే అద్దాన్ని కొన్నాళ్ళు దాచేయడం మంచిది. తల విదిలిస్తూ నలువైపులా చిందేలా కక్కుతూ, నీరసంగా ఉంటే మాత్రం అది వాంతే. వెటర్నరీ డాక్టరుకు చూపించాలి.

పెర్చ్‌లు ఎక్కడ బిగిస్తే మురికి తక్కువవుతుంది?

గింజల గిన్నె, నీళ్ళ గిన్నె పైన పెర్చ్ ఉండకూడదు. ఒక పెర్చ్ కింద సరిగ్గా ఇంకో పెర్చ్ పెట్టినా పైదాని రెట్ట కిందిదాని మీదే పడుతుంది. రాత్రి నిద్రపోయే పై కర్ర కిందే కుప్ప ఎక్కువ కాబట్టి అక్కడ బొమ్మలు వేలాడదీయకండి. ఈ మార్పుతోనే కడిగే పని దాదాపు సగమైందని చాలామంది చెప్పారు. మా ఇంట్లోనూ అంతే.

## దేనితో కడగాలి

డెట్టాల్ గానీ ఫినాయిల్ గానీ వేసి కడగొచ్చా? వాసన వస్తేనే కదా క్రిములు పోయినట్టు?

వద్దు. శుభ్రమైనదానికి వాసన ఉండదు. మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అదే దారిన వెనక్కి వస్తుంది. పక్షిలో గాలి సంచుల సాయంతో ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగిపోతూ ఉంటుంది. ఎగరడానికి కావలసిన ఆక్సిజన్‌ను అలా పిండుకుంటుంది, గాలిలో విషం ఉంటే దాన్నీ అంతే సమర్థంగా పిండుకుంటుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును కనిపెట్టడానికి 1986 దాకా కానరీ పక్షులను వాడింది ఇందుకే.

ఫినాయిల్, డెట్టాల్ లాంటి ఘాటు మందులు చెక్కలోకి ఇంకితే ఎన్ని నీళ్ళు పోసినా పూర్తిగా పోవు. పక్షి ఆ కర్రనే నములుతుంది. పంజరం ఉన్న గదిలో నేలను కూడా వాటితో తుడవకండి. రూమ్ ఫ్రెషనర్, అగరబత్తి, దోమల కాయిల్, కర్పూరం పొగ కూడా ఆ గదికి దూరం.

మరి బ్లీచ్ వాడొచ్చా?

ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు బొమ్మలకు, అది కూడా అవసరమైనప్పుడే. లీటరు నీళ్ళకు వాసన కలపని మామూలు లిక్విడ్ బ్లీచ్ 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. ముందు సబ్బుతో మురికంతా పోవాలి, ఎందుకంటే రెట్ట, గింజల పొట్టు మిగిలి ఉంటే బ్లీచ్ బలమంతా వాటి మీదే ఖర్చైపోతుంది. తర్వాత పది నిమిషాలు నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా జాడించి, ఎండలో ఆరబెట్టండి. పక్షులు అప్పుడు వేరే గదిలో ఉండాలి. కలిపిన నీళ్ళు మర్నాటికి దాచొద్దు.

చెక్క, తాడు, తాటాకు బొమ్మలకు బ్లీచ్ వద్దు. మున్సిపాలిటీవాళ్ళు చల్లే బ్లీచింగ్ పౌడర్ బలం ఎంతో తెలియదు కాబట్టి అదీ వద్దు. అన్నిటికంటే ముఖ్యం: బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, పక్షికే కాదు మీకూ ప్రమాదం.

వెనిగర్ క్రిములను చంపుతుందా?

కొన్నిటిని తగ్గిస్తుంది, అన్నిటినీ చంపదు. జబ్బు పడిన పక్షి వాడిన సామానుకు దాన్ని నమ్ముకోవద్దు. అది బాగా పనికొచ్చేది బోరు నీళ్ళ ఉప్పు గారకు. నీళ్ళ గిన్నెకూ, స్నానం తొట్టికీ, ప్లాస్టిక్ ఊయలకూ పట్టిన తెల్లపొర సగం వెనిగర్, సగం నీళ్ళలో అరగంట నానితే ఊడొస్తుంది. తెల్ల వెనిగరే వాడండి. కిరాణా కొట్లో అడిగితే చాలు, ప్రత్యేకంగా 'క్లీనింగ్' అని రాసినది కొననక్కర్లేదు.

మా అమ్మమ్మ పసుపు నీళ్ళు, వేపాకు నీళ్ళు చాలంటుంది. నిజమేనా?

హాని లేదు, కానీ మురికిని వదిలించేది మీరు తోమే బ్రష్షూ వేడినీళ్ళూ. పసుపు అయితే చెక్కకూ ప్లాస్టిక్‌కూ రంగు పట్టించి, మురికి కనబడకుండా చేస్తుంది. కుంకుడు రసం మంచి సబ్బే. కాకపోతే చెక్కలో మిగిలితే పక్షి కళ్ళకు, నోటికి మంట. బాగా జాడించగలిగే ప్లాస్టిక్‌కు వాడుకోండి. అమ్మమ్మతో వాదన పెట్టుకోకుండా ముందు సబ్బుతో కడిగేసి, ఆఖర్న ఆవిడ వేపాకు నీళ్ళు పోయనివ్వండి.

ఇత్తడి గంటకు పచ్చగా చిలుము పట్టింది. ఎలా పోగొట్టాలి?

ఆ చిలుము రాగి నుంచి వచ్చింది, నాకితే విషం. పూజ సామాను తోమినట్టే చింతపండుతో రుద్ది, తళతళలాడాక సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. బజార్లో దొరికే పాలిష్ పొడులు వాడొద్దు. లోపలి నాలుక ఏ లోహమో కూడా చూడండి. మెత్తగా, బూడిద రంగులో, గోరుతో గీత పడేలా ఉంటే అది సీసం కావచ్చు, గంట పారేయండి. నెలకోసారి చిలుము వస్తుంటే స్టీలు గంటకు మారిపోవడమే తెలివైన పని.

తాడు పెర్చ్ వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

వేయొచ్చు, లోపల తీగ లేకపోతే. పాత సాక్సులో పెట్టి మూతి కట్టి, కొద్దిపాటి వాసన లేని సబ్బుతో వేడినీళ్ళ సైకిల్ పెట్టండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. తీగ ఉన్న తాడును వేడినీళ్ళ బకెట్‌లో నానబెట్టి చేత్తోనే బ్రష్ చేయాలి, మెషిన్‌లో తిరిగితే తీగ వంగి పొడుచుకొస్తుంది.

ఉతికిన ప్రతిసారీ దారాలు లేస్తాయి. లేచిన దారం కాలికి చుట్టుకుంటే వేలు నల్లబడి రాలిపోయేదాకా వెళ్ళొచ్చు. మింగితే గొంతు కింది మేత సంచిలో ఉండగడుతుంది. కాబట్టి కత్తెర దగ్గర పెట్టుకుని ప్రతి పోగూ మొదలంటా కత్తిరించండి. కత్తిరించడానికి పావుగంట పడుతోందంటే ఆ తాడు పని అయిపోయినట్టే.

కటిల్ బోన్ మీద రెట్ట పడింది. కడగాలా, పారేయాలా?

పారేయనక్కర్లేదు. మన నాటు మందుల కొట్లలో సముద్రపు నురుగు అనేది ఇదే. పైపొరను తడిపి చాకుతో గీకేసి, మంచినీళ్ళతో ఒక్కసారి కడిగి ఎండబెట్టండి. సబ్బు వద్దు, పీల్చేసుకుంటుంది. మధ్యదాకా పచ్చగానో నల్లగానో మారితే పారేయండి.

కొబ్బరి చిప్ప, తాటాకు, మొక్కజొన్న కండె బొమ్మలు కడగొచ్చా?

కొబ్బరి చిప్పను మాత్రమే. లోపల కొబ్బరి పొర కొంచెం మిగిలినా బూజు పడుతుంది. చెంచాతో మొత్తం గీకి, పీచు తీసి, పది నిమిషాలు మరిగించి, ఎండలో గలగలలాడేలా ఎండబెట్టండి. తాటాకు, కండె, కాగితం కప్పులు చింపుకోవడానికే పుట్టాయి. తడిస్తే, రెట్ట పడితే చెత్తబుట్టలోకి. తాటాకు దొరికే ఊళ్ళో ఉండి దాన్ని కడిగి దాచుకోవడం నా దృష్టిలో పిసినారితనం.

## ఆరబెట్టడం, తిరిగి పెట్టడం

వానాకాలం ముసురు పట్టింది, ఎండ లేదు. కర్రలు ఎలా ఆరాలి?

ఫ్యాన్ కింద, తీగకు వేలాడదీసి, కనీసం రెండు రోజులు. నేల మీద పెడితే కింది వైపు ఆరదు. పైకి పొడిగా అనిపించే కర్ర లోపల తడి ఉంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు.

ఇది నేను పాఠంగా నేర్చుకున్నది కాదు, తప్పు చేసి నేర్చుకున్నది. ఒక ఆగస్టులో సగం ఆరిన తాడు పెర్చ్ తిరిగి పెట్టేశాను. నాలుగో రోజుకు ముడి లోపల నల్లటి చుక్కలు కనిపించాయి. ఆ వారం మా కాక్‌టెయిల్ తోక ఊపుతూ కష్టంగా ఊపిరి పీల్చింది. డాక్టరు మందులిచ్చి, తాడు పారేయమన్నారు. బూజులోని ఆస్పర్‌జిల్లస్ లాంటివి పక్షి గాలి సంచుల్లో పెరిగితే నయం చేయడం చాలా కష్టం. కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఉండేవాళ్ళు వాన నెలలకు ప్లాస్టిక్, స్టీలు బొమ్మలే పెట్టి, తాళ్ళూ చెక్కలూ సంక్రాంతి ఎండలకు దాచుకోవడం సుఖం.

మేం అమెరికాలో ఉంటాం, చలికాలం ఎండే ఉండదు. డిష్‌వాషర్, ఒవెన్ వాడొచ్చా?

ప్లాస్టిక్, స్టీలు బొమ్మలు డిష్‌వాషర్ పై అరలో పెట్టొచ్చు, విడిగా, వాసన లేని డిటర్జెంట్‌తో. గట్టి చెక్క పెర్చ్‌లను కడిగాక ఒవెన్‌లో 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే అక్కడి లెక్కలో 200 ఫారన్‌హీట్, ముప్పావు గంట ఉంచితే ఆరతాయి. పక్కనే ఉండి చూసుకోవాలి. ప్లాస్టిక్ మూతలు, బిగించే మరలు ముందే తీసేయండి. నాన్‌స్టిక్ ట్రే వాడొద్దు, ఒవెన్ సెల్ఫ్‌క్లీన్ బటన్ పక్షి ఇంట్లో ఉండగా అసలు నొక్కొద్దు. మితిమీరి వేడెక్కిన నాన్‌స్టిక్ పూత పొగకు పక్షులు నిమిషాల్లో చనిపోతాయి.

కడిగి పెట్టాక బొమ్మ దగ్గరికే రావట్లేదు. ఎందుకు?

రూపం, వాసన, చోటు మారితే దానికి అది కొత్త వస్తువు. కాక్‌టెయిల్స్‌కు ఈ బెదురు మరీ ఎక్కువ. ఒకేరోజు అన్నీ కడిగి అన్నీ మార్చకండి. సగం కడిగి, సగం వచ్చే వారానికి ఉంచండి. కడిగినదాన్ని ఇదివరకు ఉన్న చోటే బిగించండి. రెండు రోజుల్లో అదే వస్తుంది. రాకపోతే ఆ బొమ్మ మీద మీరే ఆడుతున్నట్టు నటించండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు కానీ పనిచేస్తుంది.

## జబ్బులు, పాత సామాను

రాత్రిళ్ళు నిద్రపోకుండా గోక్కుంటున్నాయి. పెర్చ్‌లో పురుగులున్నాయా?

ఉండొచ్చు. కోళ్ళ గూళ్ళలో కోడిపేలు అని అందరికీ తెలిసినవాటి లాంటివే, మైట్స్ అంటారు. పగలు కర్ర చివరి సందుల్లో, చెక్క పెట్టె మూలల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. పంజరం మీద రాత్రి తెల్లగుడ్డ కప్పండి. తెల్లవారుజామున మడతల్లో ఎర్రటి చుక్కలు కదిలితే అవే.

చెక్క పెర్చ్‌లు పారేయడం ఉత్తమం. ఉంచుకోవాలంటే మరిగే నీళ్ళు పోసి, గట్టి ఎండలో పెట్టి, పది రోజులకు మళ్ళీ అదే చేయాలి. మేత లేకుండా నెలల తరబడి బతికే మొండి పురుగులవి. కలరా ఉండలు, బొద్దింకల స్ప్రే పంజరం దగ్గర వాడితే పురుగుకంటే ముందు పక్షి పోతుంది. ఒంటి మీద వేసే మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయండి.

ఒక పక్షి చనిపోయింది. దాని బొమ్మలు ఇంకో పక్షికి ఇవ్వొచ్చా?

ఎందుకు చనిపోయిందో తెలియకపోతే చెక్క, తాడు, ఆకు, కటిల్ బోన్ అన్నీ కవరులో కట్టి పారేయండి. ఈకలు రాలి, ముక్కు చెడే పీబీఎఫ్‌డీ లాంటి జబ్బుల వైరస్‌లు ఈకల పొడిలో, రెట్టలో నెలల తరబడి నిలుస్తాయి, మామూలు మందులకు లొంగవు. స్టీలు, గట్టి ప్లాస్టిక్ మాత్రమే సబ్బుతో తోమి, బ్లీచ్ నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి వాడుకోవచ్చు. ఎవరో ఉచితంగా ఇచ్చిన పాత పంజరానికీ ఇదే లెక్క. పిల్లలు "అది దాని ఊయల" అని ఏడిస్తే ఊయల దాచుకోనివ్వండి, పంజరంలో మాత్రం వద్దు.

ఇంట్లో గర్భిణి ఉంది. ఈ పని ఎవరు చేయాలి?

ఆమె కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్ళు కూడా దూరంగా ఉండాలి. మిగిలినవాళ్ళు మాస్కు, గ్లవ్స్ వేసుకుని, బాల్కనీలోనో డాబా మీదో కడగాలి. వంటింటి సింక్‌లో వద్దు. బకెట్, బ్రష్ దీనికి విడిగా ఉంచండి. కడిగినవాళ్ళకు వారం రెండు వారాల్లో జ్వరం, పొడి దగ్గు వస్తే ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకు తప్పక చెప్పండి. వాళ్ళంతట వాళ్ళు అడగకపోవచ్చు.

మా ఇంట్లో ఉన్నది రామచిలుక. దానికీ ఇవే పద్ధతులా?

రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బొమ్మల సంగతి పక్కన పెట్టి అటవీశాఖవాళ్ళకు అప్పగించండి. పంజరంలో పెరిగినదాన్ని మీ అంతట మీరు ఎగరేస్తే కాకులకు దొరుకుతుంది.

పెర్చ్ ఎప్పుడు పారేయాలి?

గోరు దిగేంత మెత్తబడినప్పుడు, కడిగి ఆరబెట్టినా వాసన వస్తున్నప్పుడు, నల్లమచ్చలు రుద్దినా పోనప్పుడు. నమిలి సగమైన జామకొమ్మ మాత్రం పాడైనట్టు కాదు. పక్షి వాలినప్పుడు విరగనంతవరకు ఉంచండి.